తన పాట తనదైన నాయిక

పెళ్ళిచూపుల్లో పాట పాడి కూర్చున్న అమ్మాయి ఎదురు ప్రశ్న వేయడం ఎప్పుడు నేర్చుకుంది? తెలుగు నవలలోని ధైర్యవంతులైన నాయికలకూ సంగీతానికీ ఉన్న చుట్టరికాన్ని వెతుక్కుంటూ చాదర్‌ఘాట్ నుంచి నాంపల్లి దాకా...

మూసీ మీద చాదర్‌ఘాట్ వంతెన దాటి కోఠీ వైపు వస్తే ఎత్తైన స్తంభాలతో రెసిడెన్సీ భవనం కనిపిస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనమిది. ఆయన్ను ఏరికోరి పెళ్ళాడిన ఖైరున్నీసా ఇక్కడి జనానాలో పరదా చాటున బతికింది. 1949లో ఈ భవనంలోకి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తాను సాగుచేసుకున్న భూమి కోసం, పండించిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన పాలకుర్తి ఐలమ్మ అన్నమాట. పరదా చాటు ప్రేమకథ నుంచి ఐలమ్మ పేరు దాకా తెలుగునేల మీద ఆడవాళ్ళు నడిచిన దూరమంతా ఈ ఒక్క ఆవరణలో ఉంది.

మూసీకి ఉత్తరాన రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బస్తీలన్నిటినీ ఒకప్పుడు చాదర్‌ఘాట్ అనే పిలిచేవారు. 1933లో హైదరాబాదులో కలిసేదాకా దీనికి వేరే మునిసిపాలిటీ ఉండేది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకి నీడనిచ్చిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది ఈ పరిసరాల్లోనే. సుల్తాన్ బజార్‌లో అది నేటికీ ఉంది. కాస్త ముందుకెళ్తే ఆబిడ్స్. ఆదివారం షట్టర్లు దించిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఆ కుప్పల్లో అట్టలు ఊడిన తెలుగు నవలలు తిరగేస్తే ఒక విషయం గమనానికి వస్తుంది. లోకానికి ఎదురు చెప్పిన నాయికల్లో చాలామంది దగ్గర ఓ వీణో, ఓ పాటో, ఓ సంగీతం మాస్టారో కనిపిస్తారు.

ఇది కాకతాళీయం కాదని ఈ కథనం చెప్పదలచుకుంది. నాయికకు తనదంటూ ఒక గొంతు ఇవ్వాలనుకున్న రచయితలు ముందు సంగీతం దగ్గరికి వెళ్ళారు. ఎందుకంటే అక్కడే ఆమె గొంతు బందీ అయి ఉంది.

ఏదీ, ఒక పాట పాడమ్మా!

పెళ్ళిచూపుల్లో ఈ మాట వినని పాతతరం ఇల్లాలు అరుదు. హార్మోనియం మీద నాలుగు కీర్తనలు, వీణ మీద రెండు వర్ణాలు అమ్మాయికి నేర్పించేవారు. అబ్బాయి తరఫువాళ్ళు విని తలూపాక, మూడు ముళ్ళూ పడ్డాక, ఆ వీణ గలీబు కప్పుకుని అటకెక్కేది. ఆ పిల్లకి సంగీతం కట్నంతోపాటు చూపించే ఒక అర్హత. అంతకు మించి పాడితే పరువు తక్కువ.

మరోవైపు పాటే బతుకైన ఆడవాళ్ళున్నారు. కళావంతులు, తవాయిఫ్‌లు. సంగీతం తరతరాలుగా నిలిచింది వాళ్ళ గొంతుల్లోనే. సంఘం వాళ్ళ పాట విన్నది, పక్కన కూర్చోనివ్వలేదు. ఇంటి ఆడదానికి పరువు ఉంది, పాట లేదు. పాడే ఆడదానికి పాట ఉంది, పరువు లేదు.

ఈ గోడను తెలుగు సాహిత్యం ముందుగా పాడే స్త్రీ వైపు నుంచి కొట్టింది. 18వ శతాబ్దంలో తంజావూరు కొలువులోని ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. అలిగి, నిలదీసి, కృష్ణుడి చేత బతిమాలించుకునే రాధిక అందులో నాయిక. ఆ కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించింది మరో గాయని, బెంగుళూరు నాగరత్నమ్మ. మరుసటి ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం పోలేదు. అంతకు ముందే గురజాడ 'కన్యాశుల్కం'లో మధురవాణిని నిలబెట్టారు. నాటకంలోని పెద్దమనుషులందరి కంటే తెలివి, దయ, నిజాయితీ ఆ వీణ వాయించే వేశ్యకే ఉన్నాయి.

పాడే స్త్రీకి పరువునీ, పరువు గల స్త్రీకి పాటనీ తిరిగి ఇవ్వడం ఆ తర్వాతి నవలా రచయితల వంతు అయింది. ఆ పనిలో చాలా భాగం హైదరాబాదుతో ముడిపడి ఉంది.

నాంపల్లి హవేలీలో

నవలలో రాస్తే అతిశయోక్తి అనిపించే నాయిక నాంపల్లిలో నిజంగానే బతికింది. 1768లో చందాబీబీగా పుట్టి మహలఖాబాయి చందాగా పేరుపొందిన ఆమె హవేలీ ఇక్కడే ఉండేది. తర్వాతి కాలంలో అందులో ఆడపిల్లల చదువు సాగడం ఆమెకు తగిన గౌరవం. తాన్‌సేన్ వంశీకుడైన ఖుష్‌హాల్ ఖాన్ దగ్గర ఆమె సంగీతం నేర్చుకుంది. ధ్రుపద్, ఖయాల్, టప్పా పాడేది. రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ వెంట యుద్ధాలకు వెళ్ళింది. మగవేషం వేసుకుని విల్లు పట్టింది. జాగీర్లు పొందింది, రాచకార్యాల్లో సలహాలిచ్చింది, చరిత్ర రాయించింది. ఉర్దూలో గజళ్ళ దీవాన్ కూర్చిన తొలి మహిళల్లో ఆమెది ముందు వరుస. 1824లో కన్నుమూసి మౌలాలి గుట్ట కింద, తల్లి కోసం తాను కట్టించిన ఆవరణలోనే సమాధి అయింది.

ఆమె జీవితంలో నవలా రచయిత గమనించాల్సింది ఒకటుంది. దర్బారులో ఆమెను కూర్చోబెట్టింది పాటే. కానీ ఆమె పాట దగ్గర ఆగలేదు. పాట తెచ్చిన చోటును ఆసరా చేసుకుని పుస్తకం, భూమి, రాజకీయం దాకా వెళ్ళింది.

తర్వాతి శతాబ్దంలో అదే నాంపల్లిలో సరోజినీ నాయుడి ఇంటికి ఆమె తొలి కవితా సంపుటి 'గోల్డెన్ త్రెషోల్డ్' పేరు వచ్చింది. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. కోకిల అని దేశం పిలుచుకున్న ఆ కవయిత్రి ఉప్పు సత్యాగ్రహంలో ముందు నడిచి జైలుకెళ్ళిన మనిషి కూడా. నాంపల్లి గాలిలో పాటకీ తెగువకీ స్నేహం పాతదే.

మీజాన్ సంపాదకుడు, మన బాపిబావ

1940లలో హైదరాబాదు నుంచి ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు భాషల్లో 'మీజాన్' దినపత్రిక వచ్చేది. తెలుగు మీజాన్‌కి సంపాదకులు అడివి బాపిరాజు. 1895లో భీమవరం ప్రాంతంలో పుట్టిన ఆయన కవి, చిత్రకారుడు, గాయకుడు, కథకుడు, సినిమాలకు కళాదర్శకుడు. స్నేహితులకు బాపిబావ. ఆయన గొంతెత్తి పాడితే సభలు ఊగేవని ఆనాటివాళ్ళు మురిసిపోతూ చెప్పుకునేవారు. తన ఊహాసుందరి శశికళ మీద పాటలు కట్టి తానే పాడేవారు.

పాట పాడేవాడు నవల రాస్తే నాయిక ఎలా ఉంటుందో చూడాలంటే బాపిరాజునే చదవాలి. 'నారాయణరావు' నవలకు 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతి వచ్చింది. విశ్వనాథ 'వేయిపడగలు'తో కలిసి ఆ బహుమతి పంచుకున్న నవల అది. అందులో శారద జమీందారు కూతురు. సంగీతం నేర్చింది. చుట్టుపక్కలవాళ్ళ మాటలు విని మొదట భర్తకు మనసివ్వదు. పుట్టింటి హోదా, భర్త మంచితనం, తన మనసు, వీటి మధ్య తానే ఒక నిర్ణయానికి రావడానికి రచయిత ఆమెకు కావలసినంత సమయం ఇచ్చారు. పెళ్ళయిపోయింది కాబట్టి ప్రేమించాల్సిందేనని తొందరపెట్టలేదు. ఆమె సంగీతం పెళ్ళితో అటకెక్కలేదు కూడా. పెళ్ళిచూపుల పాటను దాంపత్యంలో ఇద్దరూ పంచుకునే పాటగా మార్చిన తొలి తెలుగు నవలల్లో దీన్ని చెప్పుకోవాలి.

'గోన గన్నారెడ్డి'కి వచ్చేసరికి ఆ నాయిక కత్తి పట్టింది. ఇందులో రుద్రమదేవి సింహాసనం మీద ఉంటుంది, అన్నాంబిక ఆమె పక్కన ఉంటుంది. ఆదవోని ప్రభువు కూతురైన అన్నాంబిక పెళ్ళిలో పెళ్ళికొడుకునే గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. మామూలు కథలో అయితే ఆ పిల్ల బతుకు అక్కడితో ముగిసినట్టే. బాపిరాజు కథలో ఆమె బతుకు అక్కడ మొదలవుతుంది. తనకు ఇష్టం లేని పెళ్ళి తప్పింది. ఆమె ఓరుగల్లు చేరి, రుద్రమకు తోడై, ఆయుధం నేర్చి, చివరికి తాను కోరుకున్నవాణ్ణే చేసుకుంటుంది.

కాకతీయుల కథను ఒక గాయకుడు ఎత్తుకోవడంలో ఔచిత్యం ఉంది. రుద్రమ కంటే ముందు ఏలిన గణపతిదేవుడి కొలువులో జాయపసేనాని 13వ శతాబ్దం నడుమ 'నృత్తరత్నావళి' రాశాడు. ఏనుగుల దండును నడిపిన సేనాపతే నాట్యశాస్త్రం రాసిన రాజ్యమది. లయా యుద్ధమూ ఒకే చేతిలో ఇమిడిన కాలాన్ని నవలగా మలచాలంటే బాపిరాజు లాంటి వాడే కావాలి. ఆయన వచనం బిగ్గరగా చదివితే దాని నడక తెలుస్తుంది. పొట్టి వాక్యాలు వరసగా పరుగెత్తి, ఒకచోట ఆగి, వర్ణనలో దీర్ఘం తీస్తాయి. నాయిక కదలికలకు ఆ నడకే ప్రాణం.

గడీలో సంగీత పాఠం

సంగీతం నాయికకు ఏమి ఇవ్వగలదో, ఎవరికి ఇవ్వలేదో నిర్మొహమాటంగా చెప్పిన నవల దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'. నిజాం కాలపు తెలంగాణ పల్లెకు బెజవాడ వైపు నుంచి సారంగపాణి అనే సంగీతం పంతులు పొట్ట చేతపట్టుకుని వస్తాడు. దొర కూతురు మంజరికి పాఠం చెప్పే పని దొరుకుతుంది. గడీ గోడల మధ్య పెరిగిన మంజరికి బయటి ప్రపంచం మొదట సరళీస్వరాలుగానే లోపలికి వస్తుంది. పాటతోపాటే ఆలోచన, ఆలోచనతోపాటే ఇష్టాయిష్టాలు.

అదే గడీలో వనజ ఉంది. ఆడబాప. దొరసానితోపాటు అరణంగా వచ్చి, దొరల ఇంట చాకిరీకీ దొరల కోరికకీ కట్టుబడ్డ ఆడపిల్లను తెలంగాణలో అలా పిలిచేవారు. సంగీత పాఠం మంజరికే. వనజకు తన ఒంటి మీదే హక్కు లేదు, ఇక స్వరం మీద హక్కెక్కడిది? రంగాచార్య ఇద్దరినీ ఒకే కప్పు కింద నిలబెట్టి పాఠకుడి నిద్ర చెడగొట్టారు. నాయిక ధైర్యం గురించి మాట్లాడేటప్పుడు, ఆ ధైర్యం చూపడానికి ఎవరికి వీలుంది, ఎవరికి లేదు అని అడగడం ఈ నవల నేర్పింది. 1977లో ఇది సినిమాగా వచ్చినప్పుడు అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించారు.

చదువుకునే పాట అందని స్త్రీలు ఊరి పాట అందుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం ఊరూరా పాటతో జనాన్ని కూడగట్టారు. పాట తర్వాత తుపాకీ పట్టారు. 'నా మాటే తుపాకీ తూటా' అన్నది ఆమె ఆత్మకథ పేరు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ పోరాటంలోని ఆడవాళ్ళు తమ కథలు తామే చెప్పుకున్నారు. నాయికలను వెతుక్కునే నవలాకారులకు ఆ పుస్తకం ఇప్పటికీ తరగని గని.

వీణ నుంచి ఉద్యోగం దాకా

1960లలో తెలుగు వారపత్రికలూ మాసపత్రికలూ ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. రాసేదీ వాళ్ళే, చదివేదీ వాళ్ళే. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం'లో ఒక డాక్టరు, చనిపోయిన తన చెల్లెలి పోలికలను స్నేహితుడి భార్య మాధవిలో చూసుకుంటాడు. లోకం ఆ అనుబంధానికి తనకు తోచిన పేరు పెడుతుంది. దాన్ని అన్నపూర్ణావారు 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా తీశారు. ఉత్తమ చిత్రంగా తొలి నంది బహుమతి దానికే. సాలూరి రాజేశ్వరరావు స్వరపరిచిన ఆ సినిమా వీణ పాటను తెలుగిళ్ళు నేటికీ పాడుకుంటాయి. రేడియోలో పనిచేసిన తెన్నేటి హేమలత, మన లత, ఒకవైపు 'గాలిపడగలు–నీటిబుడగలు'లో వేశ్యల బతుకును కళ్ళకు కట్టారు, మరోవైపు 'మోహనవంశి'లో రాధ వైపు నుంచి మురళిని విన్నారు. సంఘం వేరు చేసిన ఇద్దరు స్త్రీలను ఒకే కలం కింద కూర్చోబెట్టారు.

ఆ తర్వాత జయంతి వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నాయిక. మధ్యతరగతి అమ్మాయి, ఉద్యోగం తప్పనిసరి, ఆత్మగౌరవం అంతకంటే తప్పనిసరి. జయంతి ముందు కూర్చున్నవాళ్ళు ఆమెను పాట పాడమనరు. పని చేతనవునా అని అడుగుతారు. పెళ్ళిచూపుల పరీక్ష నుంచి ఆడపిల్లను తప్పించి ఉద్యోగం కుర్చీలో కూర్చోబెట్టింది ఆ నవల. యజమాని రాజశేఖరం కారు, మేడ, చూపులు అన్నీ కలిసినా ఆమె మాటలోని పదును తగ్గదు. కృష్ణా జిల్లా కాజలో పుట్టి, పెళ్ళితో హైదరాబాదు వచ్చి, 2018లో అమెరికాలో కన్నుమూసిన యద్దనపూడిని కలల రచయిత్రి అని తేలిక చేసినవాళ్ళు ఉన్నారు. ఆ మాట ఒప్పుకోలేం. తన జీతం, తన అభిప్రాయం తనకుండాలని ఆ రోజుల్లో లక్షల ఇళ్ళల్లో ఆడపిల్లలు అనుకోవడానికి జయంతి ఒక కారణం.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌కు డైరెక్టరుగా పనిచేసిన వాసిరెడ్డి సీతాదేవిది మరో దారి. పిల్లలు పాట, ఆట, బొమ్మలు నేర్చుకునే ఆ చోటును నడిపిన ఆమె, ఇంటి కట్టుబాట్ల వల్ల బడి ఆగిపోతే ప్రైవేటుగా చదువుకుని పైకొచ్చిన మనిషి. 'మట్టిమనిషి'లో వరూధిని మంచి కోడలు కాదు, కానీ మరచిపోగలిగే మనిషీ కాదు. నక్సలైట్ ఉద్యమాన్ని స్పృశించిన 'మరీచిక'ను 1982లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం న్యాయస్థానంలో వీగిపోయింది. నాయికలకు ధైర్యం రాసిన చేయి తనకూ ధైర్యం ఉందని చూపించింది.

ఏవాన్-ఎ-గజల్

ఈ బాటలో ఉర్దూ వినిపించకపోతే హైదరాబాదు కథ సగమే. జీలానీ బానో 'ఏవాన్-ఎ-గజల్' 1976లో వచ్చింది. నవాబీ ఇంటి లోగిలిలో కవిత్వం పొంగిపొర్లుతుంది. మగవాళ్ళు షేర్ల మీద షేర్లు చదువుతారు. ఆ ఇంటి ఆడపిల్లల్లో ఒకరి పేరు చాంద్, మరొకరి పేరు గజల్. గజల్‌ను అంతగా ఆరాధించే ఇల్లు గజల్ అనే అమ్మాయి బతుకును పట్టించుకోదు. కళ మీద ప్రేమ ఉన్నంత మాత్రాన ఆడదాని మీద గౌరవం ఉన్నట్టు కాదని ఇంత సూటిగా చెప్పిన నవల మరొకటి తోచదు. తర్వాతి తరంలో క్రాంతి వస్తుంది, ఆ పేరే రచయిత్రి ఆశ. పెళ్ళిచూపుల పాటలో తెలుగిల్లు చేసిన తప్పునే ముషాయిరాల్లో హవేలీ చేసింది. రెండు భాషల రచయితలూ ఒకే గాయం మీద వేలు పెట్టారు.

రాసేవాళ్ళకు పాట నేర్పేది

నేడు నవల రాయాలనుకునే అమ్మాయిలు, అబ్బాయిలు చెవుల్లో పాట పెట్టుకుని కూర్చుంటున్నారు. మంచిదే. సంగీతం నుంచి వచ్చే ఉత్సాహంతోపాటు దాని పనితనం కూడా తీసుకోగలిగితే మరీ మంచిది.

కర్ణాటక సంగీతంలో నెరవల్ ఉంది. గాయని ఒక్క పాదాన్ని పట్టుకుంటుంది. మాటలు మారవు. ప్రతిసారీ స్వరం మారుతుంది, బరువు మరో మాట మీద పడుతుంది, కొత్త భావం పుడుతుంది. నవలలో నాయిక 'వద్దు' అనడం కూడా అలాగే సాగాలి. మొదటిసారి భయంతో అన్న వద్దు, రెండోసారి ఆలోచించి అన్న వద్దు, చివరిసారి నిర్ణయంతో అన్న వద్దు. మాట ఒకటే, మనిషి ఎదిగింది. మొదటి పేజీలోనే నాయిక చేత ఉపన్యాసం చెప్పిస్తే ఆ ఎదుగుదల పాఠకుడికి దక్కదు.

హిందుస్తానీలో విలంబిత ఖయాల్ ఉంది. రాగం నెమ్మదిగా తెరుచుకుంటుంది. అసలు స్వరం కోసం శ్రోత కాచుకుంటాడు. బాపిరాజు శారదకు ఇచ్చింది ఆ సమయమే. తొందరపడి మార్చేసిన నాయిక నమ్మించదు.

ఇక తంబురా శ్రుతి. రాగం ఎన్ని వంకలు పోయినా అది మారదు. జయంతి ఆత్మగౌరవం, అన్నాంబిక తెగువ అలాంటివి. కథ వాళ్ళను ఎటు లాగినా ఏ స్వరం దగ్గరికి తిరిగొస్తారో రచయితకు ముందే తెలిసి ఉండాలి. ధైర్యవంతురాలంటే ప్రతి పేజీలోనూ గొడవపడేది కాదు. ఎంత ఒత్తిడిలోనూ తన ఆధార స్వరం విడవనిది.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం వనజ దగ్గరుంది. నాయిక చేతిలో వీణ పెట్టేముందు, ఆ వీణ ఎవరికి అందలేదో రచయిత అడగాలి. నేటి మంజరి తన గదిలో తలుపేసుకుని పాడుకోగలదు. ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయికి గది లేదు, తలుపు లేదు, పాడుకునే సమయం లేదు. ఆమె గొంతులో పాట లేదని అనుకోవడం మన అజ్ఞానం. రాబోయే గొప్ప తెలుగు నవల ఆ అమ్మాయినే నాయికను చేయాలి. ఆమె ఎవరి మెప్పు కోసమూ పాడకూడదు, ఎవరి జాలి కోసమూ ఏడవకూడదు. తన పాట తనదేనని తెలిసిన మనిషిగా నడవాలి. అలాంటి నాయికను రాయడానికి చెవి కావాలి, ఓపిక కావాలి, పక్షం తీసుకునే గుండె కావాలి. ఆ మూడూ ఉన్నవాళ్ళు నేడు తెలుగునాట కలం పట్టుకుని ఉన్నారు. వాళ్ళు రాయాలి, మనం చదవాలి.